అంచు కుట్టిన గుడ్డ

‘షెడ్డులో బండి’ సీరియల్ – పదకొండో భాగం

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి మెకానిక్ తన అక్క ఇంటి షెడ్డులో ఉన్న కారు బానెట్ ఎత్తాడు. ఏడేళ్ళుగా దాన్ని ఎవరూ ఎత్తలేదు. ప్రమాదం జరిగిన మర్నాడు టార్చి వేసి పైనుంచి చూసి దించినవాడు కూడా అతనే.

ఇంతవరకూ జరిగింది ఇది. అక్క, మెకానిక్, చిన్నోడు తోబుట్టువులు. ఏడేళ్ళ కిందట చిన్నోడు బావ కారు నడుపుతూ ఒక ఎత్తు మీద లారీని దాటాడు. ఆ తర్వాత వచ్చిన మలుపులో వేగం తగ్గక కల్వర్టు గోడకి కొట్టాడు. పక్కసీట్లో ఉన్న బావకి ఎడమకాలు పనికిరాకుండా పోయింది. బావ దర్జీ. ఆనాటి నుంచి కుట్టుమిషన్ అక్కే తొక్కుతోంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా అది పైకి రాలేదని చిన్నోడు చెప్పాడు. బండిలో ఏ లోపమూ లేదని మెకానిక్ చెప్పాడు. అక్క మెకానిక్ మాట నమ్మి, చిన్నోడిని తన గుమ్మం తొక్కవద్దంది. పోయినవారం మేనకోడలు డ్రైవింగ్ నేర్చుకుంటానంది, అదీ ఈ కారు మీదేనని పట్టుబట్టింది. ఎన్నడూ కూతురి మాట కాదనని బావ, దాన్ని తుక్కుకి అమ్మేయమన్నాడు. అక్క కూతురి వైపే మొగ్గింది. శనివారానికి చక్రం, తలుపు సరయ్యాయి. ఇక మిగిలింది ఇంజన్.

బానెట్ కింద ఇంజన్ కనిపించలేదు. ఆయిలు కారి, దాని మీద దుమ్ము పడి, ఆ దుమ్ము మీద మళ్ళీ ఆయిలు కారి అట్టలు కట్టింది. రేడియేటర్ పగిలిన చోట ఆనాటి బురద ఎండిపోయి ఉంది. బ్యాటరీ మీద ఎలుకలు కాపురం పెట్టి ఖాళీ చేసి వెళ్ళాయి. గూటిలో సీటు దూది, కాగితం ముక్కలు, దర్జీ ఇల్లు గనక నాలుగైదు చొక్కా బొత్తాలు ఉన్నాయి.

షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని బావ కూర్చున్నాడు.

“ఏరా, లోపల ఇంజన్ ఉందా, ఎలుకలు అమ్ముకుతిన్నాయా?”

“బొత్తాలు మాత్రం ఉన్నాయి బావా. నా పెళ్ళి చొక్కాకి పై బొత్తం లేదని నీతో మొత్తుకున్నాను. చూడు, ఇక్కడుంది.”

“నీ మెడకి పై బొత్తం పడదని నేనే కుట్టలేదు. మెడా అది? జాకీ.”

మెకానిక్ నవ్వి పనిలో పడ్డాడు. ఎలుకల గూడు ఎత్తి తట్టలో వేశాడు. ఎప్పుడో చచ్చిన బ్యాటరీ అయినా, అలవాటు ప్రకారం ముందు నెగెటివ్ తీగ విప్పి, తర్వాత రెండోది విప్పి, బ్యాటరీని బయట పెట్టాడు. కంప్రెసర్ గొట్టంతో గాలి కొట్టి పొడిదుమ్మంతా ఎగరగొట్టాడు. బావ తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడే గానీ కుర్చీ జరపలేదు.

నీళ్ళు తగలకూడని చోట్లు కొన్ని ఉంటాయి. ఫ్యూజుల డబ్బాకి, డైనమోకి, ప్లగ్గుల తీగలు వచ్చి కలిసే టోపీకి మెకానిక్ పాలిథిన్ సంచులు తొడిగి దారంతో కట్టాడు. ఒక్కొక్క దారం చివరా పొడుగ్గా వదిలాడు. పని అయ్యాక విప్పడం మరిచిపోతే ఆ వేలాడే దారం కంటికి తగులుతుంది. అది అతని షాపు పద్ధతి.

బావ పద్ధతి వేరు. కారు తిరిగిన రోజుల్లో ఇంజన్ కడగడం ఆయన ఇంకెవరికీ వదిలేవాడు కాదు. ప్రతి శనివారం తెల్లవారి కాఫీ కంటే ముందు బానెట్ ఎత్తేవాడు. బట్టలు కోయగా మిగిలిన ముక్కల్ని చేతిరుమాలంత కత్తిరించి, నాలుగు పక్కలా అంచు మడిచి మిషన్ మీద కుట్టేవాడు. మూలల దగ్గర కుట్టు రెండుసార్లు వేసేవాడు. ఇంజన్ తుడవడానికి, నీళ్ళు పోకుండా సందుల్లో కుక్కడానికి అవే గుడ్డలు. మెకానిక్ షాపులో వాడే బనియన్ పీలికల్ని చూసి మొహం చిట్లించేవాడు. “పోగులూడే గుడ్డ ఇంజన్ దగ్గరికి తీసుకొస్తావేంట్రా? పోగు వెళ్ళి ఏ రంధ్రంలో దూరుతుందో నీకు తెలుసా?” అనేవాడు. అప్పట్లో ఆ ఇంజన్ మీద చెయ్యి వేస్తే వేలికి మసి అంటేది కాదు. షాపుకొచ్చిన వాళ్ళకి మెకానిక్ ఆ కారునే చూపించేవాడు.

చిన్నోడికి డ్రైవింగ్ నేర్పింది కూడా ఆ కారు మీదే. నేర్పింది మెకానిక్. మొదటిరోజే చిన్నోడు క్లచ్ కుదుపు లేకుండా వదిలాడు. వీడికి చెయ్యి ఉందని మెకానిక్ ఇంటికొచ్చి అక్కతో చెప్పాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి చిన్నోడు బస్సు డ్రైవర్ల ఎంపికలో నెగ్గాడు. ఉద్యోగంలో చేరవలసిన రోజు బావ ఆస్పత్రిలో ఉన్నాడు. చిన్నోడు చేరలేదు. ఆ తర్వాత వాడు స్టీరింగ్ పట్టగా చూసినవాళ్ళు లేరు. ఏదో గోదాములో బరువులు ఎత్తుతున్నాడని ఒకసారి ఎవరో చెప్పగా విన్నాడు మెకానిక్. ఏ గోదామని అడగలేదు.

ముందు చెక్కబద్దతో గీకాడు. మసి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కింద పరిచిన గోనెపట్టా మీద పడింది. రంగులు వేసే బ్రష్షు వెంట్రుకల్ని సగానికి కత్తిరించి గరుగ్గా చేసుకుని, డీజిల్లో ముంచి కింది నుంచి పైకి రుద్దాడు. నానడానికి వదిలి, తుడిచి, మళ్ళీ రుద్దాడు. మొదట రేడియేటర్ పక్క. తర్వాత ముందు భాగం. ఒకచోట లోహం రంగు బయటపడింది. ఇంకోచోట ఇంజన్ మీద పోతపోసిన అంకెలు బయటపడ్డాయి.

అంతసేపూ బావ నోరు ఆగలేదు. పక్కింటాయన ప్యాంటు నడుము ఏటా ఎంత పెరుగుతోందో, ఆ పెరుగుదలని భార్యకి తెలియకుండా తాను ఎలా సర్దుతున్నాడో చెప్పాడు. ఒక పెళ్ళికొడుకు కొలతలకి రాకుండా తమ్ముణ్ణి పంపిస్తే, ఆ సూటులో పెళ్ళిలో ఎవరు బాగా కనిపించారో చెప్పాడు. మెకానిక్ వింటూ, నవ్వుతూ, ఊఁ కొడుతూ రుద్దాడు.

బ్రష్షు ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గరికి వచ్చింది. అది ఇంజన్ మీద మూతలా, పళ్ళెమంత వెడల్పున ఉంటుంది. కార్బురేటర్ దాని కిందే. మెకానిక్ మధ్యలో ఉన్న బిళ్ళ మర తిప్పాడు. అది బిగుసుకుపోయి రాలేదు. ప్లయర్ కోసం వెనక్కి తిరిగాడు. అప్పుడు గమనించాడు, బావ కొంతసేపటి నుంచి ఏమీ మాట్లాడటం లేదు.

“అది విప్పాలా?” అన్నాడు బావ.

“విప్పకుండా ఎలా బావా? కింద అంతా మసే.”

“పైన కనబడేదాకా తుడిస్తే చాలదా? పిల్ల నేర్చుకోవడానికే కదా.”

“శనివారం శనివారం దీన్ని విప్పి కడిగినవాడివి నువ్వా ఈ మాట అనేది?”

బావ చేతికర్ర ఒళ్ళోంచి తీసి నేలకి ఆనించాడు.

మర ఊడింది. డబ్బా ఎత్తి పక్కన పెట్టాడు మెకానిక్. కార్బురేటర్ పక్కన నల్లటి ముద్ద ఒకటి ఉంది. ఎలుకలు లాక్కొచ్చిన పీలిక అనుకుని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాడు. ముద్దతో పాటు యాక్సిలరేటర్ చెయ్యి అనే చిన్న ఇనుపమీట కదిలింది.

కాలితో పెడల్ నొక్కితే తీగ లాగేది ఆ చేతినే. చెయ్యి తిరిగితే ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. కాలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ముద్ద ఆ చేతికీ, స్ప్రింగు తగిలించిన పలకకీ మధ్య ఉంది.

మెకానిక్ ముద్దని వదిలేసి వేలితో చేతిని సగం దాకా తిప్పి వదిలాడు. వెనక్కి వచ్చింది. మళ్ళీ సగం తిప్పి వదిలాడు. వచ్చింది. మూడోసారి చివరిదాకా తోశాడు. ముద్ద అంచు పలక సందులోకి దిగింది. వేలు తీశాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది.

స్ప్రింగు చూశాడు. బాగానే ఉంది. తుప్పు పట్టలేదు. సాగి, బిగిసి, లాగుతూనే ఉంది. ముద్ద వదలడం లేదు.

అతను బానెట్ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

ప్రమాదం మర్నాడు ఈ కారుని లాక్కొచ్చి షాపు ముందు పెట్టారు. జనం మూగారు. చిన్నోడు చేతికి కట్టుతో పక్కనే నిలబడి ఉన్నాడు. “అన్నయ్యా, పెడల్ నొక్కి చూడు, నీకే తెలుస్తుంది” అన్నాడు. మెకానిక్ తలుపు తీశాడు. లోపల పక్కసీటు నిండా బావ నెత్తురు ఉంది. ఎక్కి కూర్చోలేకపోయాడు. బయటే వంగి, చెయ్యి చాపి, అరచేత్తో పెడల్ నొక్కాడు. అది దిగింది, వచ్చింది. మళ్ళీ నొక్కాడు. దిగింది, వచ్చింది. అందరూ చూశారు. అరచేత్తో వంగి నొక్కితే పెడల్ సగమే దిగుతుంది. ఆ సంగతి పుట్టిబుద్ధెరిగిన దగ్గర నుంచి పెడళ్ళతో బతికిన మనిషికి తెలియక కాదు.

ఇంకోటి కూడా ఉంది. అంతకు ముందు వారమే ఆ కారుని సర్వీసు చేసింది అతని షాపే. లోపం బండిదైతే ఆ మాట ముందు షాపు మీదికే వస్తుంది. బానెట్ ఎత్తి టార్చి వేశాడు. ఫిల్టర్ డబ్బా విప్పలేదు. “బండిలో ఏ లోపమూ లేదు” అన్నాడు. చిన్నోడు అతని మొహంలోకి చూశాడు. మళ్ళీ అడగలేదు.

మెకానిక్ ప్లయర్‌తో సందులోంచి ముద్దని మెల్లగా ఊడదీశాడు. చెయ్యి టక్కున వెనక్కి వచ్చింది. ముద్ద అట్టలా గట్టిపడి ఉంది. డీజిల్ డబ్బాలో వేసి పిసికాడు. నలుపు వదిలింది. పిండి మళ్ళీ పిసికాడు. నీలం గళ్ళు కనిపించాయి. తర్వాత అంచు కనిపించింది. నాలుగు పక్కలా మడిచి కుట్టి ఉంది. మూలల దగ్గర కుట్టు రెండుసార్లు.

వెనక నుంచి బావ గొంతు వినిపించింది.

“దొరికిందా?”

మెకానిక్ తిరిగాడు. గుడ్డ అతని గుప్పిట్లో ఉంది. బావ కూర్చున్న చోటికి అది కనబడదు.

“ఏం దొరికింది బావా?”

బావ తల దించుకుని చేతికర్ర చివర వైపు చూశాడు.

“నేనింకా ఏమీ అనలేదు. ఏం దొరికిందనుకుంటున్నావు?” అన్నాడు మెకానిక్.

“నీలం గళ్ళది.”

మెకానిక్ బావ దగ్గరికి వచ్చి గుడ్డని ఆయన మోకాలి మీద పరిచాడు. డీజిల్ పంచెకి అంటింది. బావ చూపుడువేలితో అంచు తడిమాడు, ఒక మూల నుంచి ఇంకో మూలకి.

“ఒక్క పోగు ఊడలేదు” అన్నాడు.

“ఊడి ఉంటే బాగుండేది. నా షాపు పీలికే అయ్యుంటే ఆ వేడికి, ఆ లాగుడికి అక్కడే చిరిగి వదిలేసేది. నువ్వు కుట్టింది కాబట్టి పట్టుకుని కూర్చుంది.”

“తెలుసు.”

“ఎప్పటి నుంచి?”

ఇంట్లోంచి మిషన్ చప్పుడు వస్తోంది. ఆగుతోంది, మళ్ళీ నడుస్తోంది.

“ఆస్పత్రిలో మీ అక్క నా మొహం తుడిచింది” అన్నాడు. “ఇంటికెళ్ళి చేతికందిన గుడ్డలు పట్టుకొచ్చింది. అవి ఈ వరసవే. పెట్టెలోంచి తెచ్చింది పాపం, దానికేం తెలుసు. మొహం మీద ఆ అంచు గీసుకుందిరా. గీసుకోగానే గుర్తొచ్చింది. ప్రమాదం రోజు పొద్దున్న కార్బురేటర్లోకి నీళ్ళు పోకుండా చుట్టూ కుక్కాను. మధ్యలో ఎవరో కొలతలకి వచ్చారు. వెళ్ళొచ్చి మూత బిగించేశాను.”

“గుర్తొస్తే చెప్పలేదేం?”

“చెప్దామనుకున్నాను. అప్పుడే నువ్వొచ్చావు. బండి అంతా చూశాను, ఏ లోపమూ లేదన్నావు. నాకు ప్రాణం లేచొచ్చింది. వీడు మెకానిక్, వీడు చూశాడంటే అక్కడ గుడ్డ లేదన్నమాట, ఎక్కడో దార్లో పడిపోయి ఉంటుంది, నాది కాదు తప్పు అనుకున్నాను.”

“నేను విప్పి చూడలేదు బావా.”

బావ తలెత్తాడు.

“డబ్బా విప్పలేదు. లోపల కూర్చోలేదు. చేత్తో నొక్కాను” అన్నాడు మెకానిక్. “పెడల్ రావట్లేదని బండిలో అరిచానన్నాడు వాడు. నిజమేనా అని నిన్ను అడిగాం. గుర్తు లేదన్నావు. అరిచి ఉంటే నీకు గుర్తుండేది కదా, అంటే వాడు అబద్ధం ఆడుతున్నాడు అనుకున్నాను. ఇక విప్పి చూసే పనేముంది అనుకున్నాను.”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెరట్లో పంపు చుక్క చుక్కగా కారుతోంది.

“అంటే నువ్వు నన్ను నమ్ముకున్నావు, నేను నిన్ను నమ్ముకున్నాను” అన్నాడు బావ. “భలే బావాబావమరుదులం.”

“మధ్యలో వాడు పోయాడు.”

“ఊఁ.”

“గుర్తుంది కదూ నీకు? వాడు అరిచింది.”

“బావా, రావట్లేదు, వెనక్కి రావట్లేదు అన్నాడు. రెండుసార్లు. నా వైపు చూశాడు. తాళం తిప్పి ఇంజన్ ఆపెయ్యమని నేను చెప్పి ఉండవలసింది. నాకు నోరు పెగల్లేదు. ఆఖర్న వాడు స్టీరింగ్ తన వైపుకి తిప్పుకున్నాడురా, నా పక్క గోడకి తగలకుండా. చాలలేదు.”

మెకానిక్ తట్ట పక్కన నేల మీద కూర్చున్నాడు. మసి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈ షెడ్డుకి వచ్చినప్పుడల్లా బావ ఏదో ఒక పని చెప్పి ఇంట్లోకి తీసుకెళ్ళిపోవడం, కారు మీద కప్పిన పరదా తీయనివ్వకపోవడం ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కాలు పోగొట్టిన బండిని చూడలేక అనుకున్నాడు. తనకీ దాన్ని చూడాలని లేదు గనక, ఆయన అడ్డం పడినందుకు లోలోపల సంతోషించాడు కూడా.

“అక్కకి చెప్పాలి” అన్నాడు.

“చెప్తాను. నేనే చెప్తాను. ఒక్క రెండ్రోజులు ఆగు.”

“దేనికి?”

“కాలు పోయినందుకు అది ఒక్కనాడూ నన్ను విసుక్కోలేదు. నా బదులు మిషన్ తొక్కుతోంది. మోకాళ్ళు వాచిపోతే రాత్రిళ్ళు నాకు తెలియకుండా నూనె రాసుకుంటుంది. తమ్ముణ్ణి వదులుకుంది. అంతా నా కాలు కోసం. ఇప్పుడెళ్ళి ఆ కాలు నేనే పోగొట్టుకున్నానని చెప్పాలంటే, మాట ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదురా.”

“మొదలెక్కడో నాక్కూడా తెలియదు. కానీ రెండ్రోజుల్లో మాత్రం తెలుస్తుందా?”

అప్పుడు గమనించారు, మిషన్ చప్పుడు ఆగిపోయి ఉంది. ఎంతసేపైందో ఇద్దరికీ తెలియదు.

అక్క పెరటి గుమ్మంలోంచి వస్తోంది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. ఒక చేతిలో రెండు గ్లాసుల కాఫీ.

“ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారంటే ఏదో విరగ్గొట్టి ఉంటారు” అంది. కాఫీ తమ్ముడికి ఒకటి, మొగుడికి ఒకటి ఇచ్చింది. “ఏమండీ, పంచె నిండా ఆ డీజిల్ ఏమిటి? ఉతికేది నేనే కదా అని మురికంతా ఒళ్ళో వేసుకుని కూర్చున్నారా?”

గుడ్డని ఆయన మోకాలి మీద నుంచి తీసింది. పిండబోయి ఆగింది. వెలుతురు వైపు తిప్పి చూసింది. ఏడేళ్ళుగా రోజూ అంచులు కుట్టే మనిషి ఆమె. చూపు నేరుగా మూలల మీదికే వెళ్ళింది.

“ఇది మీ కుట్టు” అంది మొగుడితో. “ఈ గళ్ళవి ఇంట్లో అయిపోయాయే. ఎక్కడిది?”

బావ గ్లాసు వైపు చూస్తున్నాడు. మెకానిక్ లేచి నిలబడ్డాడు.

“ఇంజన్లోది అక్కా.”

“ఇంజన్లో ఎక్కడ?”

“రా, చూపిస్తా.”

ఆమె బానెట్ దగ్గరికి వచ్చింది. మెకానిక్ గుడ్డ తీసుకుని దొరికిన చోటే మళ్ళీ పెట్టాడు. చేతిని సగం తిప్పి వదిలాడు. “ఇది ఆ రోజు నేను చూసింది” అన్నాడు. చివరిదాకా తోసి వదిలాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. “ఇది వాడు చెప్పింది.”

అక్క వంగి చూసింది. తన వేలితో చేతిని కదిపింది. కదల్లేదు.

“పెడల్ వెనక్కి రాకపోవడం అంటే ఇదేనా?”

“ఇదే.”

“అయితే నువ్వు అబద్ధం చెప్పావా?”

“చూడకుండా చెప్పాను.”

ఆమె మొగుడి వైపు తిరిగింది.

“వాడు అరిచాడా?”

బావ గ్లాసు కింద పెట్టాడు. “అరిచాడు” అన్నాడు.

అక్క బానెట్ పక్కనే నిలబడి ఉంది. మెడలోని టేపు తీసి వేళ్ళకి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. మెకానిక్‌కి ఆ రోజు గుమ్మం దగ్గర చిన్నోడు నిలబడిన తీరు గుర్తొచ్చింది. భుజాన ఒక సంచి. “అక్కా, నేను చెప్పేది ఒక్కసారి విను” అన్నాడు వాడు. “నీ అన్న విన్నాడు, చాలు” అంది అక్క. ఆ మాట అంటున్నప్పుడు మెకానిక్ ఆమె వెనకే ఉన్నాడు.

“నా ఫోన్ తీసుకురా” అంది అక్క ఇంటి వైపు చూసి, కూతురితో.

మేనకోడలు వచ్చింది. బానెట్ వైపు చూసింది, సందులో ఉన్న గుడ్డ వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఏమైందని అడగలేదు. ఫోన్ ఇచ్చింది. అక్క అందులో చిన్నోడి నంబరు వెతికింది. చెరపకుండా ఉంచుకున్నందుకు ఆమె మొగుడు గానీ తమ్ముడు గానీ ఆశ్చర్యపోలేదు. నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. షెడ్డులో అందరికీ వినిపించింది. ఈ నంబరు ప్రస్తుతం వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. రెండోసారి నొక్కింది. మళ్ళీ అదే గొంతు.

“అది మారిపోయి చాలా కాలమైందమ్మా” అంది మేనకోడలు.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

“నీకెలా తెలుసు?” అంది అక్క.

“మాట్లాడుతూ ఉంటాను. ఎప్పుడైనా. మీకు చెప్తే ఆపేయమంటారని చెప్పలేదు.”

“ఏమంటాడు వాడు?” అన్నాడు మెకానిక్.

“మీ గురించి ఏమీ అనడు మామయ్యా. నా చదువు అడుగుతాడు. పెట్టేసే ముందు ఒక్కటే అడుగుతాడు, ఆ బండి బానెట్ ఎవరైనా ఎత్తారా అని.”

“అందుకేనా ఈ కారు మీదే నేర్చుకుంటానన్నావు?”

“నేర్చుకోవాలని నిజంగానే ఉంది. ఇదే కారు ఎందుకని మీరెవ్వరూ అడగలేదు.”

బావ కర్ర ఊతంగా లేచాడు. ఒక అడుగు వేసి, కారు అంచు పట్టుకుని ఆగాడు. “నేను మాట్లాడతాను” అన్నాడు భార్యతో.

“మీరు ఆగండి. వద్దన్నది నేను. రమ్మనాల్సిందీ నేనే” అంది అక్క.

మేనకోడలు తన ఫోన్ తీసి నంబరు నొక్కి తల్లికి ఇచ్చింది. స్పీకరు నొక్కింది. అవతల మోగింది. ఎవరూ ఎత్తలేదు. అక్క మెకానిక్ మొహంలోకి చూసింది. మోగడం ఆగిపోతుందనగా ఎవరో ఎత్తారు.

“హలో, ఎవరు?”

చిన్నపిల్ల గొంతు. అక్క కూతురి వైపు చూసింది. మేనకోడలు అవునన్నట్టు తల ఊపింది.

“మీ నాన్న ఉన్నాడా అమ్మా?” అంది అక్క.

“ఉన్నాడు. కాళ్ళు కడుక్కుంటున్నాడు. మీరెవరు?”

“నేను...” అక్క ఫోన్‌ని రెండో చేతిలోకి మార్చుకుంది. “నేను మీ నాన్న అక్కని.”



“మా నాన్నకి అక్క లేదు” అంది పిల్ల. “ఉండండి, పిలుస్తా.”

ఫోన్‌ని దేని మీదో పెట్టిన చప్పుడైంది. దూరంగా పిల్ల ఏదో చెప్పింది. నీళ్ళ చప్పుడు ఆగింది. తడి కాళ్ళతో ఎవరో నడిచి వచ్చారు. నడక ఫోన్ దగ్గరికి వచ్చి ఆగింది.

షెడ్డులో నలుగురూ ఫోన్ చుట్టూ నిలబడి ఉన్నారు. అవతలి నుంచి మాట లేదు. ఫోన్ ఇంకా పెట్టేయలేదు.